బీచ్ రోడ్డు గట్టా, సెంట్రల్ పార్కు బెంచీయా?

విశాఖలో సాయంత్రం కాసేపు ఎక్కడైనా కూర్చోవాలంటే మా ఇంట్లో రెండు పార్టీలు. అమ్మది సెంట్రల్ పార్కు, నాది ఆర్కే బీచ్.

పార్కు ఒకప్పటి సెంట్రల్ జైలు స్థలం. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గరే. చదునైన బాట, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆగి ఆగి నడవొచ్చు. కానీ గేటుంది, టికెట్టుంది, మూసే వేళ ఉంది. పది నిమిషాలు కూర్చుని పోదామనుకునేవాడికి ఆ టికెట్టే అడ్డం.

బీచ్‌లో ఆ గొడవ లేదు. అక్కడ అసలు కుర్చీ బీచ్ రోడ్డు వెంట ఉన్న పొట్టి గోడే. సముద్రం వైపు కూర్చుని, విసుగొస్తే కాళ్లు ఇటు తిప్పేసి రోడ్డు మీద జనాన్ని చూడొచ్చు. 1970లలో న్యూయార్క్ ప్లాజాలను, అంటే భవనాల ముందుండే ఖాళీ ఆవరణలను, కెమెరా పెట్టి గమనించిన పరిశోధకుడు విలియం వైట్ తేల్చింది ఇదే: కూర్చోడానికి చోటున్న దగ్గరే జనం కూర్చుంటారు, జనాన్ని లాగేది జనమే. మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) బండి దగ్గర చూడండి. పొట్లం చేతిలో పడ్డా ఎవరూ కదలరు, అక్కడే నిలబడి కబుర్లు. బండ్లు తీసేస్తేనే అందం అనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

అయితే మిట్టమధ్యాహ్నం ఆ గోడ మీద కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. తెల్లవారుజామున నడకవాళ్ల కోసం వాహనాలు ఆపే ఆ రోడ్డునే, సాయంత్రం పిల్లాడి చెయ్యి పట్టుకుని దాటాలంటే గుండె దడ. సబ్‌మెరైన్ మ్యూజియం ఇటు, విమానం మ్యూజియం అటు. దాటక తప్పదు.

"నీ సముద్రం ఎక్కడికీ పోదురా, నా మోకాళ్లు చూడు" అంటుంది అమ్మ. నిన్న పార్కుకే వెళ్లాం.