ఇంటిపేరు మూలం వెతకాలంటే ఏది మేలు: జనాభా లెక్కలా, భూమి రికార్డులా, పండాల పుస్తకాలా?

ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది జనాభా లెక్కల గురించే. ఇంగ్లండు, వేల్స్‌లలో అది పనికొచ్చే దారే. 1841 నుంచి 1921 దాకా ఇంటింటి వివరాలు అక్కడ ఎవరైనా చూసుకోవచ్చు. అమెరికాలో 72 ఏళ్లు నిండితే బయటపెడతారు, 1950 నాటివి 2022లో ఇచ్చారు. మన దగ్గర ఆ ఆశ పెట్టుకోవద్దు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మనుషుల వివరాలున్న ఆ కాగితాలు ఎవరికీ చూపరు. ఆ వంశంవాళ్లమే అన్నా అంతే.

ఇక మిగిలేవి భూమి రికార్డులు, కాశీ గయల్లో యాత్రికులకు కర్మలు చేయించే పురోహితులు, అంటే పండాలు, వంశాలవారీగా పేర్లు రాసి ఉంచే పుస్తకాలు. నేనైతే భూమి రికార్డుతోనే మొదలుపెట్టమంటాను.

వెతకాల్సిన పాత భూమి రిజిస్టర్లు ఇవి: ఆంధ్రలో తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో ఉండే డైగ్లాట్, సెటిల్‌మెంట్ రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్, తెలంగాణలో తొలి సర్వే నాటి సేత్వార్, ఏ పొలం ఎవరి చేతిలో ఉందో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ. మా ముత్తాత పేరు నేను మొదటిసారి చూసింది డైగ్లాట్ నకలులోనే. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, ఆ వరసలోనే పట్టాదారు పేరు. మేమిప్పుడు ఇంటిపేరు చివర 'రి' రాస్తాం. అందులో 'రు' అని ఉంది. మాది ఊరిపేరేనని ఇంట్లో అనుకోవడమే గానీ, కాగితం మీద చూసేసరికి చెయ్యి కాసేపు ఆ అక్షరం మీదే ఉండిపోయింది.

వేమూరి వారికి వేమూరు, నెల్లూరి వారికి నెల్లూరు, కొండవీటి వారికి కొండవీడు. అలాగని నేరుగా ఆ ఊరికి పరుగెత్తకండి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరినీ ఆ ఊరిపేరుతో పిలవరు కదా. వలసపోయి ఇంకోచోట స్థిరపడ్డాకే 'ఫలానా ఊరివాళ్లు' అన్న గుర్తు ఇంటిపేరై నిలిచి ఉంటుంది. అందుకే వెతుకులాట తాతల పొలం ఉన్న ఊళ్లో మొదలవ్వాలి. సర్వే నంబరు తెలిస్తే తహసీల్దారు ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టొచ్చు.

భూమి రికార్డుకు పెద్ద లోటు ఒకటుంది. సెంటు భూమి లేని కూలీ కుటుంబం అందులో కనబడదు. ఆడవాళ్ల పేర్లూ తక్కువే.

పండాల పుస్తకం బలం వేరు. మీవాళ్లు వెళ్లి ఉంటే తాత, ముత్తాత, వెంట వెళ్లినవాళ్లు ఒకేచోట దొరకొచ్చు. ఒక్కోసారి వాళ్ల చేతిరాతతోనే. పిండప్రదానంలో తల్లివైపు మూడు తరాల పేర్లూ చెబుతారు కాబట్టి అటువైపు సంగతీ అడగొచ్చు. కాకపోతే అంత దూరం వెళ్లగలిగింది కొందరే. పైగా పండాలు యాత్రికులను ప్రాంతాలవారీగా పంచుకుంటారు. సొంత ఊరు చెప్పలేకపోతే మీ పుస్తకం ఎవరి దగ్గరుందో తేలదు. ఆ ఊరిపేరు భూమి రికార్డుతో ఖాయమవుతుంది గనుకే గయ ప్రయాణం దాని తర్వాత పెట్టుకోవాలి.

రెండింటికంటే ముందు ఇంట్లో అందరికంటే పెద్దావిణ్ణి కూర్చోబెట్టి ఆవిడ పుట్టింటి పేరు, ఆవిడ తల్లి పుట్టింటి పేరు, ఆ ఊళ్లు రాసుకోండి. పట్టాదారు గడిలో అవి కనబడవు.