ఎగిరి మీద పడే షెల్టర్ కుక్కకి ఏ చోటు మేలు: ఫామ్‌హౌసా, ఫ్లాటా, ఫోస్టరా?

హైదరాబాద్‌లో వదిలేసిన కుక్కల్ని చూసుకునే ఏ షెల్టర్‌కి వెళ్లినా ఇలాంటి కుక్క ఒకటి కనిపిస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్ల వయసు, సగం ల్యాబ్ (ల్యాబ్రడార్) సగం దేశీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకాలన్నీ పడ్డాయి, ఎవర్నీ కరిచింది లేదు. కానీ తలుపు తీస్తే చాలు, మనిషి మొహం ఎత్తుకి ఎగురుతుంది, చున్నీ పట్టుకుని లాగుతుంది, లీష్ వేస్తే ఆ లీష్‌నే కొరుకుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు "అబ్బో, ఏం హుషారండీ" అని నవ్వేసి, పక్క కెన్నెల్‌లో బుద్ధిగా తోక ఊపుతున్న దాన్ని తీసుకుని వెళ్లిపోతారు. నేను వాలంటీర్‌గా వెళ్లే చోట ఆ కుక్క పేరు బంటి. వాడికి చోటు వెతుకుతుంటే వచ్చిన సలహాలన్నీ, అందులో ఏది నిలబడుతుంది ఏది నిలబడదు అన్నదీ ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇదే ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు.

ముందు తేల్చుకోవాల్సింది, ఈ హుషారులో కుక్కది ఎంత, షెల్టర్‌ది ఎంత అని. పెద్ద కుక్క మామూలుగా రోజులో సగానికి పైనే నిద్రపోతుంది. చుట్టూ ఇరవై కుక్కలు మొరుగుతూ, గేటు చప్పుడైనప్పుడల్లా అన్నీ ఒక్కసారి లేచి గోల చేసే చోట ఆ నిద్ర ఎక్కడిది? రోజంతా ఊచల అవతల మనుషులు నడుస్తుంటారు, వీడు వాళ్లని చేరలేడు, అలా లోపల పేరుకున్నదంతా తలుపు తెరుచుకున్న ఆ పది నిమిషాల్లో బయటికి వస్తుంది. దానికి తోడు పిడుదులు, దురద, ఎక్కడో ఒక నొప్పి. అందుకే "ఈ కుక్క హైపర్" అని ముద్ర వేసే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించి టిక్ ఫీవర్ లేదని చూసుకోవడం మంచిది. ఒళ్లు వదులుగా, నడుమంతా ఊగిపోతూ మీద పడే కుక్క వేరు, ఒళ్లు బిగబట్టి రెప్ప వేయకుండా చూసే కుక్క వేరు. ఈ రెండోదాని సంగతి ఇక్కడ రాయడం లేదు, దానికి ముందు డాక్టరూ, కుక్కల ప్రవర్తన తెలిసినవాళ్లూ చూడాలి.

ఇక చోట్ల సంగతి.

అందరి నోటా మొదట వచ్చే మాట ఫామ్‌హౌస్. "అన్నా, మొయినాబాద్ దగ్గర మావాళ్లకి రెండెకరాలుంది, హాయిగా పరిగెత్తుకుంటాడు" అంటారు. వినడానికి బాగుంటుంది, చెప్పేవాళ్లది మంచి మనసే. కానీ ఆ ఫామ్‌హౌస్‌కి ఓనర్లు వచ్చేది శని, ఆదివారాలు. మిగతా ఐదు రోజులూ ఉండేది పనివాళ్లు, వాళ్లకి మొక్కలూ మోటారూ చూసుకోవడమే సరిపోతుంది, పైగా కుక్కని చూసుకుంటామని వాళ్లెవరూ ఒప్పుకోలేదు కూడా. పైన పడి బట్టలు చింపే కుక్కని వాళ్లేం చేస్తారు, పగలు గొలుసుతో కట్టేస్తారు, రాత్రి కాపలాకి వదులుతారు. ఆదివారం కార్లు దిగగానే వారమంతా ఒంటరిగా ఉన్న కుక్క పిల్లల మీదకి రెట్టింపు వేగంతో వస్తుంది, ఆ తర్వాత ఆదివారాలు కూడా గొలుసే. ఇది ఊహించి రాస్తున్నది కాదు, అలా ఇచ్చిన కుక్కల్ని చూడ్డానికి వెళ్లినప్పుడు కనిపించేది ఎక్కువగా ఇదే.

పరిగెత్తితే నెమ్మదిస్తాడనేది కూడా పూర్తిగా నిజం కాదు. రోజూ గంటసేపు బంతి విసిరితే కుక్కకి దమ్ము పెరుగుతుంది, రేపు గంటన్నర అడుగుతుంది. ఉద్రేకంలోంచి దిగడం ఎలాగో వాడికి నేర్పాలి, అది నేర్పడానికి రెండెకరాలు అక్కర్లేదు, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. కంచెలో సందులు, ఊళ్లో కుక్కలతో కొట్లాటలు, మూత లేని బావులు, పాములు, వీటన్నిటి గురించి వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని ఫామ్‌హౌస్ అనగానే ఫోన్ పెట్టేయకండి. కుటుంబం అక్కడే కాపురముంటే, ఇంకో కుక్క ఉంటే, గేటు ఎప్పుడూ వేసి ఉంటే అది చాలా మంచి చోటు. నేనడిగేవి రెండే ప్రశ్నలు: రాత్రి ఎక్కడ పడుకుంటాడు, బుధవారం మధ్యాహ్నం వాడి దగ్గర ఎవరుంటారు. ఈ రెండోదానికి సమాధానం తడబడితే ఆ చోటు వద్దు.

ఫ్లాట్ విషయంలో జనం భయం ఇందుకు తిరగబడి ఉంటుంది. "ఇంత ఎనర్జీ ఉన్న కుక్క ఫ్లాట్‌లో ఎలా ఉంటుంది?" అంటారు. ఎవరూ లేని ఫామ్‌హౌస్ కంటే మనిషి ఉన్న రెండు గదుల ఫ్లాట్ నూరుపాళ్లు నయం అని నా అభిప్రాయం. చిక్కులు వేరే ఉన్నాయి. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఎదురుగా స్ట్రోలర్, కారిడార్‌లో సైకిల్ తొక్కే పిల్లలు, కింద వాచ్‌మన్ విజిల్, ఇవన్నీ బంటి లాంటివాడికి ఒక్కోటీ ఒక్కో పండగ. అసోసియేషన్ గొడవలు సరేసరి. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ ఒప్పుకున్నా సరే, అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్ట్ వాడొద్దనీ అనకూడదు. కానీ అద్దె ఇల్లయితే అసలు సమస్య ఓనర్‌తో, ఆయన వద్దంటే ఈ కాగితం మిమ్మల్ని కాపాడదు. కాబట్టి అడాప్షన్ ఫారం నింపేముందే ఓనర్ ఒప్పుకున్నట్టు మెసేజ్ చూపించమనండి, మొహమాటపడొద్దు.

ఇంకోటి, ఇద్దరూ గచ్చిబౌలి వైపు ఆఫీసులకి వెళ్లే జంట అయితే, ట్రాఫిక్ కలుపుకుని పదిగంటలు ఇల్లు ఖాళీ. కొత్తగా వచ్చిన కుక్కకి అది చాలా ఎక్కువ. నేను అందర్నీ అడిగే ప్రశ్న ఇంకోటుంది: సంక్రాంతికి ఊరెళితే కుక్క ఎక్కడ? నవ్వుతారు గానీ, ఆ ఒక్క ప్రశ్నతో ఇంట్లో పెద్దవాళ్లకి కుక్క సంగతి తెలుసా లేదా అన్నది కూడా బయటపడుతుంది.

షెల్టర్ నుంచి నేరుగా ఫ్లాట్‌కి పంపితే జరిగేదేంటంటే, మొదటి రెండు రోజులు ముద్దుగా ఉంటుంది, మూడోరోజు సోఫా పోతుంది, నాలుగోరోజు అమ్మమ్మగారి మీద ఎగిరితే ఆవిడ పడిపోతారు, అయిదోరోజు మనకి ఫోన్ వస్తుంది. తిరిగొచ్చిన కుక్క ఫైలులో "రిటర్న్" అనే మాట చేరుతుంది, తర్వాత వచ్చేవాళ్లు అది చూసి వెనకడుగు వేస్తారు. కాబట్టి ఫ్లాట్ మంచిదే, కాకపోతే అది రెండో మెట్టు.

బోర్డింగ్‌లో పెట్టి ట్రైనర్ చేత నేర్పించడం గురించి. డబ్బున్న దాత ఎవరైనా దొరికితే అందరికీ మొదట తోచేది ఇదే, ఒక నెల పంపిస్తే బుద్ధిగా తిరిగొస్తాడని. తిరిగొస్తాడు కూడా, ఆ ట్రైనర్ ఎదురుగా ఉన్నంతసేపు బుద్ధిగానే ఉంటాడు. కొత్త ఇంట్లో కొత్త మనుషుల దగ్గర మళ్లీ మొదటికే. పైగా తలుపు వేసుకుని ఏం చేస్తున్నారో తెలీదు, లాగితే మెడ బిగుసుకునే చోక్ చైన్ వేసి కుక్కని మొద్దుబార్చి "శాంతంగా మారాడు" అని వీడియో పంపేవాళ్లూ ఉన్నారు. ఆ డబ్బే ఫోస్టర్ ఇంటికి (అంటే దత్తత కుదిరేదాకా కుక్కని కొన్నాళ్లు తమ దగ్గర ఉంచుకునేవాళ్ల ఇంటికి) వారానికోసారి వచ్చి ఆ ఇంటివాళ్లకి నేర్పే ట్రైనర్‌కి ఇస్తే ఎంతో ఉపయోగం.

వేరే జంతు సంరక్షణ సంస్థకి పంపేద్దామా? హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ 1992 నుంచి ఉంది, విశాఖలో వీఎస్‌పీసీఏ 1996 నుంచి. ఇలాంటి చోట్లకి వచ్చేవి బండి కింద పడ్డవి, పక్షవాతం వచ్చినవి, పురుగు పట్టిన గాయాలతో ఉన్నవి. ఒళ్లు బాగున్న హుషారు కుక్కని తీసుకెళ్లి అక్కడ ఒక కెన్నెల్ నింపడం నాకు న్యాయంగా అనిపించదు, పైగా వాడి సమస్యే కెన్నెల్ కదా. ల్యాబ్ పోలిక గట్టిగా ఉంటే ల్యాబ్‌లని మాత్రమే చూసే రెస్క్యూ గ్రూపులని అడగడంలో తప్పులేదు, వాళ్ల దగ్గర ఫోస్టర్లు రెడీగా ఉంటారు. ఒక్క జాగ్రత్త: ఏ ప్రశ్నా వేయకుండా "పంపేయండి, జీవితాంతం చూసుకుంటాం" అనే చోటు దొరికితే సంబరపడకండి. వెళ్లి చూడండి. లోపలికి రానివ్వకపోతే మీకు సమాధానం దొరికినట్టే.

ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "వీధిలో వదిలేయండి, దేశీ రక్తమేగా, బతికేస్తాడు" అని. వీధిలోంచి ఆపరేషన్ కోసం తెచ్చిన కుక్కని టీకా వేసి తెచ్చిన చోటే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్తాయి. ఆ కుక్కకి ఆ వీధి తెలుసు, అన్నం పెట్టే ఇల్లు తెలుసు. ఇంట్లో పెరిగి ఎవరో వదిలేస్తే షెల్టర్‌కి చేరిన బంటికి ఆ లెక్క వర్తించదు, పెంపుడు జంతువుని తిండికి మాడేలా వదిలేయడం 1960 చట్టం కింద నేరం కూడా. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కల్ని తీసి షెల్టర్లలో పెట్టాలని సుప్రీంకోర్టు 2025 నవంబర్ 7న చెప్పాక, షెల్టర్లలో ఖాళీ అనేది ఇంకా అరుదైపోయేలా ఉంది. అందుకే ఉన్నవాటికి ఇళ్లు వెతకడంలో తొందర ఉంది, నిజమే, కానీ ఆ తొందర ఎక్కడో ఒకచోట వదిలించుకోవడం వైపు పోకూడదు.

అమెరికాలో ఉన్న మన బంధువులకి పంపడం గురించి రెండు ముక్కలు. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి నిబంధనలు బిగిశాయి: ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, మనది రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశం కాబట్టి వేరే పత్రాలూ పరీక్షలూ కావాలి. కెనడా అయితే 2022 సెప్టెంబర్ 28 నుంచి ఇలాంటి దేశాల నుంచి దత్తత పేరుతో వచ్చే కుక్కల్ని కూడా ఆపేసింది. అదంతా పక్కన పెట్టినా, పెట్టెలో పది నిమిషాలు కుదురుగా ఉండని కుక్కని ఒక రోజంతా విమానాల్లో పంపడం ఏం దయ?

ఇక నా ఓటు ఎటో ఈపాటికి అర్థమై ఉంటుంది. ఫోస్టర్ ఇల్లు. అమెరికాలో ఐదు షెల్టర్లలో 207 కుక్కల మీద చేసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. ఒకటి రెండు రాత్రులు ఎవరింట్లోనో పడుకున్న కుక్కల్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది, షెల్టర్‌కి తిరిగొచ్చాక మళ్లీ పాత స్థాయికి చేరింది. అంటే ఒక వీకెండ్‌తో కుక్క మారిపోదు. కానీ ఆ వీకెండ్‌లో మనకి తెలిసేవి షెల్టర్‌లో ఏడాదైనా తెలియవు: రాత్రి పడుకుంటుందా, పాటీ బయటికి వెళ్లేదాకా ఆపుకుంటుందా, పిల్లిని చూస్తే ఏం చేస్తుంది, కుక్కర్ విజిల్‌కి భయమా. బంటి మొదటిసారి వీకెండ్‌కి వెళ్లినప్పుడు ఫోస్టర్ అక్క పంపిన వీడియోలో వాడు చేసిందల్లా ఫ్యాన్ కింద నాలుగు కాళ్లూ చాచి గురక పెట్టడం. మాలో ఎవరం వాడు అలా పడుకోవడం చూసి ఎరగం.

ఫోస్టర్లు దొరకరు, అదే కదా అసలు ఏడుపు. "రెండు నెలలు ఉంచుకుంటారా" అంటే ఎవరూ ముందుకు రారు, "శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం సాయంత్రం దాకా" అంటే వస్తారు. తిండి, మందులు, హార్నెస్ మనమే ఇవ్వాలి, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా ఎత్తే మనిషి ఒకరుండాలి, ఎప్పటిదాకా అన్న తేదీ కాగితం మీద ఉండాలి. ఎవరింట్లో పెట్టాలంటే, నలుగురు కుర్రాళ్లు ఉండే బ్యాచిలర్ రూమ్ వద్దు, వాళ్లు ప్రేమగానే చూస్తారు గానీ అక్కడ రోజంతా ఇంకో షెల్టరే. నడవడానికి ఇబ్బందిపడే పెద్దవాళ్లున్న ఇల్లూ, అయిదేళ్లలోపు పిల్లలున్న ఇల్లూ కూడా ఇప్పుడే వద్దు. సైనిక్‌పురి, ఏఎస్‌రావు నగర్ వైపు ఇంకా మిగిలిన ఇండిపెండెంట్ ఇళ్లలో, ఇంట్లోంచి పనిచేసే మనిషి ఒకరు, వీలైతే వయసు మళ్లిన నెమ్మదైన కుక్క ఒకటి ఉంటే ఇంక వెతకక్కర్లేదు.

ఆ ఇంట్లో మొదటి వారం చేయాల్సింది చాలా తక్కువ, అదే కష్టం. చుట్టాల్ని పిలవొద్దు, పార్కుకి తీసుకెళ్లొద్దు. తెల్లారుజామున వీధి ఖాళీగా ఉన్నప్పుడు లీష్ వదులుగా పట్టుకుని, వాడు ఎంతసేపు వాసన చూస్తానంటే అంతసేపు నిలబడటం. గిన్నెలో తిండి పెట్టే బదులు పాత తువ్వాలులో చుట్టి ఇస్తే ముక్కుతో విప్పుకుంటూ తింటాడు, పావుగంట పని. ఎగిరితే తిట్టడం, మోకాలితో నెట్టడం వద్దు, వాడికి అదీ ఆటే. కదలకుండా పక్కకి తిరిగి నిలబడి, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్న క్షణంలో నిమరాలి. ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి, ఒక్కరు "పర్లేదులే" అని ఎగరనిచ్చినా మిగతావాళ్ల కష్టం వృథా. మూడు రోజులకి బెదురు తగ్గడం, మూడు వారాలకి అలవాటు, మూడు నెలలకి స్థిమితం అని రెస్క్యూవాళ్లు ఒక లెక్క చెప్తుంటారు, అటూ ఇటూ అయినా అడాప్టర్లకి చెప్పడానికి బాగా పనికొస్తుంది.

దత్తత కోసం పోస్టు రాసేటప్పుడు "ఫ్రెండ్లీ, ప్లేఫుల్" అని పెట్టి వదిలేయకండి, అన్ని కుక్కలకీ అదే రాస్తారు. ఇలా రాయండి: "మనుషుల్ని చూస్తే ఎగురుతాడు, నేర్పుతున్నాం, తగ్గుతోంది. లిఫ్ట్ ఇంకా అలవాటు కాలేదు. రాత్రి పూర్తిగా నిద్రపోతాడు. చిన్నపిల్లలున్న ఇంటికి ఇవ్వం." ఫోన్లు తక్కువ వస్తాయి, వచ్చినవాళ్లు మాత్రం సంగతి తెలిసి వస్తారు. వాళ్లకి కుక్కని కెన్నెల్ ఊచల వెనక చూపించకండి, ఫోస్టర్ ఇంట్లో, నడక అయ్యాక, నమలడానికి ఏదో ఒకటి నోట్లో ఉన్నప్పుడు చూపించండి. ఇచ్చేటప్పుడు కుదరకపోతే తిరిగి మాకే ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు అని రాయించుకోండి, వారం తిరక్కముందే ఫోన్ వస్తే విసుక్కోకుండా ఎత్తి, ఫోస్టర్ ఇంటికి వచ్చిన ఆ ట్రైనర్‌ని ఈసారి వాళ్లింటికి పంపండి.