చిన్న ట్రాక్టర్‌కి దుక్కి పనిముట్లు: గొర్రు ముందా, రోటవేటర్ ముందా?

18 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ వెనక 5 పళ్ల స్ప్రింగ్ గొర్రు (కల్టివేటర్), 3 అడుగుల రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని కోసేది), మట్టిని తిరగేసే ఒంటి ఎంబీ (మోల్డ్‌బోర్డ్) నాగలి, గుండ్రటి పళ్లేలతో పెళ్లలు కోసే చిన్న డిస్క్ హారో ఆరేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. ఒక్కటే కొనగలిగితే గొర్రు కొనండి. రెండోది కొనే స్తోమత ఉంటే అప్పుడు రోటవేటర్. చాలామంది తిరగేసి కొంటారు. రోటవేటర్ ఒక్క తిప్పుకే నేలను పిండి చేసి చూపిస్తుంది కాబట్టి అంతటితో దుక్కి అయిపోయిందనిపిస్తుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఎల్ ఆకారపు బ్లేడు అడుగు భాగం ప్రతిసారీ అదే 4 అంగుళాల లోతులో నేలను రాస్తూ పోతుంది. తడి కాస్త ఎక్కువున్నప్పుడు తిప్పితే అక్కడ మెత్తిన గోడలా నున్నటి పొర పడుతుంది. రెండు మూడేళ్లకు నీరు కిందికి ఇంకదు, వేరు ఆ పొర మీద అడ్డంగా తిరుగుతుంది. అనుమానముంటే 6 మిల్లీమీటర్ల ఇనుప చువ్వను చేత్తో గుచ్చి చూడండి. నాలుగైదు అంగుళాలు సులువుగా దిగి ఒక్కసారిగా ఆగిపోతే, అది రాయి కాకపోతే, ఆ పొరే. పది చోట్ల గుచ్చితే తెలిసిపోతుంది. పైన మట్టి మరీ మెత్తనైతే ఇంకో నష్టం: మొదటి వానకే పెచ్చు కట్టి మొలక పైకి రాదు.

గొర్రుతో ఈ బాధ లేదు. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, రెండో తిప్పులో 6 అంగుళాల వరకు దించాలి. వేగం గంటకు 4 నుంచి 5 కిలోమీటర్లు. బరువు నేలలో 5 పళ్లూ లాగలేక చక్రం జారితే రెండు పళ్లు విప్పేసి 3 పళ్లతో దున్నండి, లోతు మాత్రం తగ్గించొద్దు. టైరు జాడ వెనక తప్పనిసరిగా ఒక పన్ను ఉండాలి, తొక్కిన మట్టిని విప్పేది అదే. రాళ్లు, వేర్లు ఉన్న చోట స్ప్రింగు పన్ను వెనక్కి వంగి విరగకుండా తప్పించుకుంటుంది. గట్టి నేలలో మాత్రం స్ప్రింగు వెనక్కి వాలి లోతు తప్పుతుంది, అలాంటి చోటికి స్ప్రింగు లేని రిజిడ్ పళ్లే మేలు. రెండు కొసలున్న కర్రు తీసుకుంటే ఒక కొస అరిగాక తిప్పి బిగించుకోవచ్చు.

రోటవేటర్ ఎంచుకునేటప్పుడు హెచ్‌పీ కంటే ముందు టేపు తీయండి. వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు కొలవండి. రోటవేటర్ కోత వెడల్పు దానికంటే కనీసం 2 అంగుళాలు ఎక్కువుండాలి. తక్కువైతే ప్రతి చాలులోనూ టైరు జాడ మిగులుతుంది. అంత వెడల్పును ఇంజిన్ తిప్పలేదనుకుంటే పక్కకు జరిపి బిగించే ఆఫ్‌సెట్ రకం తీసుకోండి. అడుగు వెడల్పుకి 5 నుంచి 7 హెచ్‌పీ లెక్క సరిపోతుంది.

మట్టి ఎంత మెత్తనవుతుందో బ్లేడ్ల సంఖ్య, నడిపే వేగం కలిసి తేలుస్తాయి. రోటర్ (బ్లేడ్లున్న ఇరుసు) నిమిషానికి 200 చుట్లు తిరుగుతూ ట్రాక్టర్ గంటకు 2 కిలోమీటర్లు నడిస్తే, ఒక చుట్టుకు దాదాపు 17 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. ఒక్కో ఫ్లాంజ్‌కి (రోటర్ మీద బ్లేడ్లు బిగించే బిళ్ల) 4 బ్లేడ్లుంటే రెండు అటు, రెండు ఇటు వంగి ఉంటాయి, ఒక్కో వైపు చుట్టుకు రెండు కోతలు. అంటే 8 సెంటీమీటర్లకో కోత. 6 బ్లేడ్లైతే ఐదున్నరకో కోత. కూరగాయల మడికి 6, మిగతా పనులకు 4 చాలు. పెళ్లలు పెద్దవిగా వస్తే ఇంజిన్ రొద పెంచకండి, గేరు తగ్గించండి. పీటీఓ (పనిముట్టును తిప్పే ట్రాక్టర్ వెనక ఇరుసు) నిమిషానికి 540 చుట్ల దగ్గరే ఉండనివ్వండి.

బ్లేడ్లు మార్చేటప్పుడు పదునైన అంచు రోటర్ తిరిగే వైపే ఉండాలి. తిరగబడితే నేలను కోయకుండా కొడుతుంది, ట్రాక్టర్ ఎగురుతుంది. చివరి ఫ్లాంజ్‌ల బ్లేడ్లన్నీ లోపలికే వంగి ఉండాలి. కొత్తవి బిగించాక 2 గంటల పనికి ఆపి ప్రతి బోల్టూ మళ్లీ బిగించండి. వదులైన ఒక్క బోల్టు ఫ్లాంజ్ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి తినేస్తుంది, తర్వాత ఏ బోల్టూ నిలవదు.

వీటన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టించేది రోటర్ చివర చుట్టుకునే గడ్డి, సుతిలి. అది ఆయిల్ సీల్‌ని కోస్తుంది, సీల్ పోతే నూనె బయటికి, మట్టి లోపలికి, ఆపైన బేరింగ్. రోజూ పని ముగిశాక ఇంజిన్ ఆపి, తాళం తీసి, కింద దిమ్మ పెట్టి చాకుతో కోసి తీయండి. పది నిమిషాల పని.

పీటీఓ నుంచి రోటవేటర్‌కి తిప్పుడు అందించే షాఫ్ట్ గురించి గట్టిగా చెప్పాలి. రెండు చివర్ల యోక్‌లూ (కవల కొమ్ముల్లాంటి కీలు ముక్కలు) ఒకే వరుసలో ఉండాలి, గొట్టాలు ఏ ఎత్తులోనూ మూడో వంతుకు తగ్గకుండా ఒకదానిలో ఒకటి ఉండాలి. షాఫ్ట్ తిరుగుతుండగా రోటవేటర్‌ని నిలువెత్తు లేపితే యోక్‌లను కలిపే క్రాస్ విరుగుతుంది. మలుపులో కొద్దిగా ఎత్తి తిరగండి, ఎక్కువ ఎత్తాలంటే పీటీఓ ఆపండి. పైన ప్లాస్టిక్ తొడుగు పగిలితే అదే రోజు మార్చండి. చెయ్యో బట్టో లాక్కోవడానికి ఒక్క క్షణం చాలు.

తుంగ, గరిక ఉన్న మడిలో రోటవేటర్ దించకండి. దుంపల్ని, కాడల్ని ముక్కలు చేసి మడంతా నాటుతుంది. ముందు గొర్రుతో పైకి లాగి, ఎండనిచ్చి, ఏరేయండి.

ఎంబీ నాగలి రెండేళ్లకోసారి ఆ గట్టి పొర విరవడానికి, గడ్డిని తిరగేసి పూడ్చడానికి. ఒంటి కర్రు, 8 నుంచి 10 అంగుళాల కోత, 7 అంగుళాల లోతు. కుడి చక్రం చాలులో నడుస్తుంది కాబట్టి కుడి లిఫ్ట్ రాడ్‌ని (పనిముట్టును ఎత్తే కడ్డీ) సర్ది నాగలి ఫ్రేము నేలకు సమంగా ఉండేలా చూడండి. దిగకపోతే టాప్ లింక్ (పనిముట్టును పైన పట్టే కడ్డీ) కొంచెం కురచ చేయండి. హైడ్రాలిక్ డ్రాఫ్ట్ కంట్రోల్‌లో (లాగుడు బరువును బట్టి లోతు సర్దేది) ఉండాలి, రోటవేటర్‌కి మాత్రం పొజిషన్ కంట్రోల్ (పెట్టిన ఎత్తులోనే నిలిపేది).

డిస్క్ హారో ఈ సైజు ట్రాక్టర్‌కి వద్దు. నేలలోకి దిగేంత బరువుంటే హైడ్రాలిక్ మోయలేదు, మోయగలిగేంత తేలికైతే నేల మీద జారుతుంది.

ఏది దించే ముందైనా నేల పదును, అంటే తడి, చూడండి. పని చేసే లోతు నుంచి పిడికెడు మట్టి తీసి బిగించి, నడుము ఎత్తు నుంచి వదలండి. పొడిగా విడిపోతే దున్నొచ్చు. చప్పటి ముద్దగా పడితే ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ చూడండి.