ఊరి బురదకి ఏ బండి మేలు: ఓడా, ట్యాంకరా, టిప్పరా?

మా మామకి తిరుపతిలో, రేణిగుంట రోడ్డులో రెండు సెప్టిక్ ట్యాంకు లారీలు ఉన్నాయి. మొన్న ఫోన్‌లో న్యూయార్క్ వీడియో ఒకటి చూపించి, "చూడరా, మురుగు బురద మోయడానికి ఓడే పెట్టుకున్నారు వాళ్లు. మనం లారీలతో చస్తా ఉండాము" అన్నాడు. ఆ మాట మీద ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. నా లెక్క నేను వేశాను.

ముందు ఓడ సంగతి. అది మురుగునీటిని శుద్ధి చేశాక మిగిలే బురదను సముద్రంలో పారబోయడానికి తిరుగుతోందని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు నిజంగా అదే పని. 1988లో అమెరికా దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది, 1992లో న్యూయార్క్ పూర్తిగా మానేసింది. ఓడలు మాత్రం మిగిలాయి, ఎందుకంటే ఆ నగరంలోని 14 మురుగునీటి శుద్ధి కేంద్రాలన్నీ నీటి ఒడ్డునే ఉన్నాయి. బురదలో నీరు తీసే యంత్రాలు మాత్రం వాటిలో కొన్నింటికే ఉన్నాయి. యంత్రం లేని చోట నింపుకుని, ఉన్న చోట దించడమే ఇప్పుడు ఓడ పని. వంతెనలు ఎత్తాల్సిన అవసరం లేకుండా కిందుగా దూరిపోయేలా కట్టారు వాటిని.

కొత్త ఓడ ఒక్క ట్రిప్పులో సుమారు 10 లక్షల గ్యాలన్లు, అంటే 38 లక్షల లీటర్లు మోస్తుంది. మామ లారీ లాంటి 10 వేల లీటర్ల ట్యాంకర్లు పెడితే 380 ట్రిప్పులు. వినగానే ఓడే గెలిచిందనిపిస్తుంది. నాకూ కాసేపు అలాగే అనిపించింది.

కానీ ఆ 10 వేల లీటర్లలో ఉండేది ఏమిటి? పల్చటి బురదలో గట్టి పదార్థం 2 శాతం అనుకుందాం. అంటే 200 కిలోలు. మిగతా 9,800 కిలోలు నీళ్లే. ఆ నీళ్లకే డీజిల్, టైర్లు, డ్రైవర్ జీతం. అదే బురదను గిర్రున తిప్పి నీళ్లు వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లోనో, మరతో నొక్కే స్క్రూ ప్రెస్‌లోనో పిండి 20 శాతానికి తెస్తే, ఆ 200 కిలోల గట్టి పదార్థం ఒక్క టన్ను ముద్దలో ఇమిడిపోతుంది. 10 టన్నుల టిప్పర్ ఒకటి పది ట్యాంకర్ల పని చేస్తుంది. ఇంత పెద్ద ఓడ సరుకు కూడా ఈ లెక్కన 38 టిప్పర్లే.

మామ డ్రైవర్‌కి ఈ లెక్క చెబితే నవ్వేశాడు. "మాకు ఎప్పుడో తెలుసన్నా, నీళ్లే మోస్తా ఉండామని."

పిండడం ఊరికే రాదు. బురదను గడ్డకట్టించే మందు పాలిమర్ కొనాలి, కరెంటు కావాలి, పిండిన మురికినీటిని మళ్లీ ప్లాంటులోకే పంపాలి, అది ప్లాంటుకు అదనపు భారం. ప్రతి కేంద్రంలోనూ యంత్రం పెట్టే బదులు న్యూయార్క్ ఓడను ఎంచుకోవడంలో తప్పేమీ లేదు, వాళ్ల దారి నీళ్ల మీదే ఉంది కాబట్టి. మనకి స్వర్ణముఖి ఉందిగానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుకే.

చెడిపోతే ఏమవుతుందో కూడా చూడాలి. ఓడ ఒకటి రిపేరుకి డ్రైడాక్‌కి పోతే మిగతావి ఆ బరువు మొయ్యాలి, లేకపోతే కేంద్రాల్లో తొట్టెలు నిండిపోతాయి. లారీ ఆగితే పోయేది ఆ లారీ ట్రిప్పులే. దానికి బదులు మనకి ట్రాఫిక్ ఉంది. గరుడ సేవ రోజు తిరుపతిలో బండి నడపమంటే మామకి ముందురోజు నుంచే టెన్షన్. ట్యాంకరుకి ఇంకో బెడద, సగం నిండితే లోపలి బురద మలుపులో ఒక పక్కకి ఊగి బండిని లాగేస్తుంది. టిప్పర్ ఊగదుగానీ, వెనక తలుపు సరిగా బిగించకపోతే దారంతా కారుతుంది.

ట్యాంకర్ అక్కర్లేదని నేను అనను. యూజీడీ, అంటే భూగర్భ డ్రైనేజీ, లేని వీధుల్లో సెప్టిక్ ట్యాంకు తోడాలంటే అదే దిక్కు, అక్కడికి టిప్పర్ పోయి చేసేదేమీ లేదు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని ట్యాంకులో దించడం నేరం, కాబట్టి పంపు, పొడవాటి పైపు ఉన్న బండి తప్పదు. ఇళ్ల నుంచి శుద్ధి కేంద్రం దాకా ట్యాంకర్, కేంద్రం దాటాక టిప్పర్. నా ఓటు దీనికే.

బండి కార్పొరేషన్‌దా, అద్దెదా అన్న దానికంటే డబ్బు ఎక్కడ ఇస్తున్నామన్నది ముఖ్యం. నాలుగేళ్ల కిందట మా వీధిలో ట్యాంకు తోడిన ఒక లారీ, డబ్బు తీసుకుని అదే రాత్రి ఊరి చివర కాలువలో వదిలేసింది. ఇంటి దగ్గరే పూర్తి డబ్బు చేతికి వస్తే అంత దూరం డీజిల్ ఎవరు కాలుస్తారు? కేంద్రంలో దించి రసీదు తెచ్చాకే సగం డబ్బు ఇవ్వాలి. మామకి ఇది నచ్చలేదు.

ఎండాకాలంలో మనకి యంత్రం కూడా పెద్దగా అక్కర్లేదు, ఇసుక మడుల్లో పరిస్తే మన ఎండకి బురద దానంతటదే ఆరుతుంది. చిక్కల్లా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2021 నవంబరు లాంటి వాన పడితే మడుల్లో బురద మళ్లీ నీళ్లవుతుంది. ఆ మూడు నెలలకి చిన్న ప్రెస్ ఒకటి, అదనంగా రెండు ట్యాంకర్లు అద్దెకి. ఆ రెండూ తనవే అయితే బాగుండునని మామ ఆశ.