పెట్ట ఉండగా ఇంక్యుబేటర్ ఎందుకు? బెంగళూరు పెరట్లో ఏళ్ళ తరబడి వాడాక నా అభిప్రాయం

నా దగ్గరున్నది ముప్పై ఆరు గుడ్లు పట్టే ప్లాస్టిక్ ఇంక్యుబేటర్, అంటే కరెంటుతో కోడిగుడ్లు పొదిగే మిషను. లోపల ఫ్యాను, పైన డిజిటల్ డిస్‌ప్లే, గుడ్లను తనే దొర్లించే రోలర్ ట్రే, మూత తీయకుండా బయటి నుంచి నీళ్ళు పోసే దారి, ఇంతే. కొన్నప్పుడు ఆరు వేల లోపే అయింది. మా ఇల్లు యలహంక దాటాక రాజానుకుంటె వైపు. వెనక ఓ మునగచెట్టు, దాని కింద కోళ్ళ గూడు, గుడ్లు పెట్టే నాటు పెట్టలు, ఒక డేగ (ఎర్ర ఈకల) పుంజు. అమ్మకానికి కాదు, ఇష్టంతో పెంచుతున్నాను. ఆ లెక్కలోనే ఈ సమీక్ష చదవండి.

ముందే చెప్పేస్తాను. ఈ మిషను పిల్లల్ని లేపడానికి బాగా పనికొస్తుంది. పెంచే పని మాత్రం పెట్టదే. రెండింటినీ కలిపి వాడుకునే వాళ్ళకి దీన్ని మించిన సాయం లేదు.

మదనపల్లె నుంచి అమ్మ వచ్చి మొదటిసారి దీన్ని చూసినప్పుడు "పెట్ట ఉండంగా ఈ డబ్బా ఏంటికి నాయనా?" అంది. న్యాయమైన ప్రశ్నే. నాటు పెట్ట ఏడాదికి పెట్టేదే అరవై, ఎనభై గుడ్లు. ఒక విడతలో పది పదిహేను పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులు పొదిగి, ఆ తర్వాత రెండు నెలల దాకా పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది. అన్నాళ్ళూ గుడ్డు ఉండదు. పైగా మనకి గుడ్లు పోగైన రోజున పెట్ట పొదుగుకి రావాలని ఎక్కడుంది? ఆ తేడాని పూడ్చేది మిషను. హెబ్బాళ వెటర్నరీ కాలేజీ వాళ్ళ గిరిరాజ, హైదరాబాదు రాజేంద్రనగర్ వాళ్ళ వనరాజా లాంటి పెరటి రకాలు పెంచేవాళ్ళకైతే ఇది ఇంకా అవసరం, ఎందుకంటే వాటికి పొదుగు బుద్ధి బాగా తక్కువ. అయితే అవి సంకర రకాలు. వాటి గుడ్లు పొదిగిస్తే పిల్లలు తల్లిలా రావు, తరం మారేసరికి బరువూ గుడ్లూ రెండూ తగ్గుతాయి. అలాంటి పిల్లలే కావాలంటే ప్రతిసారీ హెసరఘట్టలోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ కేంద్రం లాంటి చోట కొత్తగా తెచ్చుకోవడమే మేలు. మన పెరట్లో మన గుడ్లతోనే మంద పెరగాలంటే నాటు కోడే దారి.

ఇక మిషను సంగతి. డిస్‌ప్లే మీద 37.8 అని ఎర్రగా కనిపిస్తుంది కదా, దాన్ని నమ్మకండి. నా మిషనులో అది 37.8 చూపిస్తున్నప్పుడు గుడ్ల పక్కన పెట్టిన జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ 38.4 చూపించింది. అర డిగ్రీ తేడా మనకి చిన్నదే, గుడ్డులోని పిండానికి కాదు. ఫ్యాను ఉన్న మిషనులో 37.5 నుంచి 37.8 మధ్య ఉండాలి. కాస్త తగ్గితే పిల్లలు ఆలస్యంగా లేస్తాయి, 39 దాటి కొన్ని గంటలు ఉంటే చచ్చిపోయే ప్రమాదం ఉంది. సెట్టింగుల్లో కాలిబ్రేషన్ ఉంటుంది. తేడా ఎంతో చూసుకుని దాన్ని సరిచేస్తే ఆ తర్వాత నిలకడగానే నడుస్తుంది. ఏడాదికోసారి మళ్ళీ చూడాలి. ఫ్యాను లేని థర్మకోల్ పెట్టెలు చవగ్గా దొరుకుతాయి కానీ వాటిలో పైన ఒక వేడి, అడుగున ఒక వేడి. వాటి జోలికి వెళ్ళొద్దు.

తేమ మీటరుదీ ఇదే కథ. దీన్ని పరీక్షించడానికి ఇంట్లోనే ఒక మంచి పద్ధతి ఉంది. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా కొన్ని చుక్కల నీళ్ళు కలపండి. దాన్నీ తేమ మీటరునీ కలిపి గాలి చొరబడని జిప్ కవరులో రాత్రంతా ఉంచండి. పొద్దున మీటరు 75 చూపించాలి. నా మిషనుతో పాటు వచ్చినది 66 చూపించింది. అంటే ఎప్పుడు చూసినా తొమ్మిది కలుపుకోవాలి. ఎన్నో గుడ్లు పాడయ్యాక "రకం మంచిది కాదు" అనుకునే వాళ్ళని చూశాను. చాలాసార్లు తప్పు గుడ్డుది కాదు, మీటరుది.

బెంగళూరులో అసలు పరీక్ష తేమే. మొదటి పద్దెనిమిది రోజులు 45 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 అని అందరూ చెప్పే లెక్క. ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో ఇక్కడ గాలి ఎండిపోయి పెదాలు పగులుతుంటాయి. అప్పుడు మిషను లోపలి రెండు నీటి కాలువల్లోనూ నీళ్ళు పోసినా సరిపోదు, తడి స్పాంజి కూడా పెట్టాలి. వానాకాలంలో కొన్ని విడతలు అసలు నీళ్ళే పోయకుండా పద్దెనిమిదో రోజు దాకా నడిపాను. అంకెల కంటే నాకు బాగా ఉపయోగపడింది వంటింటి డిజిటల్ తూకం. గుడ్డు పొదిగే కాలంలో నీరు ఆవిరై పద్దెనిమిదో రోజుకి బరువులో పన్నెండు శాతం దాకా తగ్గాలి. 45 గ్రాముల నాటు గుడ్డు 40 గ్రాముల దరిదాపుకి రావాలన్నమాట. అసలు తగ్గకపోతే లోపల గాలి గది చిన్నదై పిల్ల ఊపిరాడక గుడ్డులోనే పోతుంది. మరీ తగ్గితే పొర ఎండి పిల్లకి అతుక్కుంటుంది. ఏడో రోజు, పద్నాలుగో రోజు తూచి, దాన్నిబట్టి నీళ్ళు పెంచడమో తగ్గించడమో చేస్తే సరిపోతుంది.

రోలర్ ట్రే గురించి నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది. ఫారం గుడ్డు సైజుకి తయారు చేశారు కాబట్టి నాటు గుడ్డు సందులో ఇరుక్కుని తిరగకుండా ఉండిపోతుంది. గుడ్డుకి ఒకవైపు పెన్సిలుతో గుర్తు పెట్టి, అది పైకీ కిందికీ వస్తోందో లేదో చూడాలి. రోలర్ల ఎడం తగ్గించే వీలున్న ట్రే అయితేనే కొనండి. తిప్పే చిన్న మోటారు రెండో ఏడాదిలోనే ఆగిపోయింది. అమ్మిన షాపువాళ్ళు "వారంటీ అయిపోయింది, మొత్తం ట్రే కొనాలి" అన్నారు. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి.రోడ్డులో సరిగ్గా అలాంటి మోటారే దొరికింది, చవగ్గా. ఫ్యాను కూడా అక్కడే కొన్నాను. విడిభాగాలు బయట దొరికే మిషను కావడమే దీని పెద్ద బలం అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇంకో లోపం, అడుగు నున్నగా ఉండటం. పిల్ల బయటపడ్డాక కాళ్ళు జారి చెరోపక్కకీ చీలిపోతాయి. అలా చీలిన కాళ్ళని వెంటనే కట్టు కట్టి సరిచేయకపోతే ఆ పిల్ల నడవదు. పద్దెనిమిదో రోజు రోలర్ తీసేసేటప్పుడే షెల్ఫుల్లో పరిచే గరుకు రబ్బరు మ్యాట్ ముక్క వేస్తాను. అప్పటి నుంచి ఆ బాధ లేదు.

ఏడో రోజు రాత్రి లైటు ఆపి, గుడ్డు లావు వైపు ఫోను టార్చి ఆనించి చూస్తే, మధ్యలో కదిలే చిన్న నల్లచుక్క, చుట్టూ సాలెగూడులా ఎర్రటి నరాలు. ఇది చూడటానికి మా వీధి పిల్లలంతా వస్తారు. ఏమీ లేకుండా తేటగా కనిపించేది పిల్ల కట్టని గుడ్డు, తీసేయాలి. వదిలేస్తే మురిగి లోపలే పగులుతుంది, ఆ కంపు భరించలేం. పుంజు లేని ఫారాల నుంచి వచ్చే షాపు గుడ్లు ఎన్నాళ్ళు పొదిగించినా పిల్ల కట్టవు, బ్రౌను రంగులో ఉన్నా సరే. ఎనిమిది, పది పెట్టలకి ఒక పుంజు ఉండాలి. మా పెరటి గుడ్లలో పిల్ల కట్టిన వాటికి పదింట ఎనిమిది లేస్తాయి. మదనపల్లె నుంచి బస్సులో కుదుపులతో వచ్చిన గుడ్లకైతే సగమే. అలాంటి గుడ్లని మొన కిందికి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచి ఆ తర్వాత మిషనులో పెడితే కొంత నయం. వారం దాటిన గుడ్లు పెట్టొద్దు.

కరెంటు పోతే టెన్షన్ అక్కర్లేదు. పెట్ట కూడా రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు లేచి మేతకి వెళ్తుంది కదా. మూత తీయకుండా దుప్పటి కప్పితే గంటా గంటన్నర గడుస్తుంది. మాకు ఇన్వర్టరు ఉంది, ఈ మిషను ఎనభై వాట్లే కాబట్టి దాని మీద హాయిగా నడుస్తుంది. టెన్షన్ అంతా ఇరవయ్యో రోజున. గుడ్డుకి చిన్న చిల్లు పడుతుంది, లోపల్నుంచి కీచుకీచుమని వినిపిస్తుంది, ఆ తర్వాత గంటలు గంటలు ఏమీ జరగదు. పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇరవై నాలుగు. మూత తీసి పెంకు ఒలిచి సాయం చేయాలని చేతులు లాగుతాయి. తీయకండి. తేమ ఒక్కసారిగా పడిపోయి మిగతా గుడ్లలో పొరలు బిగుసుకుపోతాయి. పుట్టిన పిల్లలకి మేత గురించి కూడా కంగారు పడక్కర్లేదు. కడుపులోకి లాక్కున్న పచ్చసొనతో రెండు రోజులు ఉండగలవు.

ఇప్పుడు అసలు విషయం. మొదట్లో బల్బు పెట్టిన అట్టపెట్టెలో పెంచేవాణ్ణి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. డిసెంబరు రాత్రుల్లో బయట పదిహేను డిగ్రీలకి పడితే ఆ పెట్టెకి రాత్రంతా కాపలా కాయాల్సిందే. ఇప్పుడు అలా చేయడం లేదు. మిషనులో గుడ్లు పెట్టిన వారంలోపు ఏ పెట్టైనా పొదుగుకి కూర్చుంటే దాని కింద నాలుగు ఉత్తుత్తి గుడ్లు ఉంచుతాను. పిల్లలు లేచి ఆరిన రోజు రాత్రి, చీకట్లో, ఒక్కో గుడ్డు తీసి ఒక్కో పిల్లని రెక్క కిందికి తోస్తాను. పెట్ట లోగొంతుకతో కొక్కొక్ అంటుంది, కాసేపట్లో పిల్లలూ కిమ్మనవు. తెల్లారకముందే వెళ్ళి చూడాలి, ఎందుకంటే కొన్ని పెట్టలు పొడుస్తాయి. మా నల్ల పెట్ట మాత్రం ఇంతవరకు ఒక్క పిల్లనీ కాదనలేదు. మట్టి గీకడం, చెదలు ఏరుకోవడం, ఆకాశంలో గద్ద కనబడగానే మునగచెట్టు మొదట్లోకి పరిగెత్తడం, ఇవన్నీ అట్టపెట్టెలో పెరిగిన పిల్లకి నేను నేర్పలేకపోయినవి. ఈ నగరంలో గద్దలకి కొదవ లేదు. తల్లి కింద పెరిగిన వాటిలో చాలా ఎక్కువ బతికి పెద్దవవుతున్నాయి.

మందుల విషయం: కొక్కెర తెగులుకి ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా టీకా చుక్క కంట్లో వేయించాలి, తర్వాత నాలుగో వారంలో మళ్ళీ. సీసా వందకి తగ్గకుండా డోసులతో వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, ఐసు మీద తేవాలి. చుట్టుపక్కల కోళ్ళున్న నాలుగు ఇళ్ళవాళ్ళం ఒకేరోజు వేయించుకుంటాం. రక్తపారుడు రాకుండా గూట్లో పరిచిన ఊక పొడిగా ఉంచడమే ముఖ్యం.

కొనబోయే ముందు ఒక్కటి ఆలోచించుకోండి. లేచిన వాటిలో సగం పుంజులే. నాలుగు నెలలకి కూత మొదలవుతుంది, తెల్లవారుజామున నాలుగింటికే. అపార్ట్‌మెంట్ల మధ్య ఉండేవాళ్ళకి పక్కింటివాళ్ళతో మాట వస్తుంది. మా పుంజుని రాత్రి గాలి ఆడే చీకటి గదిలో ఉంచి ఆరు దాటాక వదులుతాం. మిగతా పుంజుల్ని మదనపల్లె పంపుతాను, లేదా పండక్కి కూర. ఈ రెండూ కుదరని ఇంట్లో ఏడాదికి ఒకటి రెండు విడతలకి మించి పొదిగించకూడదు. అందుకే వంద గుడ్ల మిషను చవగ్గా ఇస్తామన్నా పెరటివాళ్ళు తీసుకోవద్దు. ముప్పై గుడ్లది చాలు. కొనేటప్పుడు షాపువాణ్ణి మూడే అడగండి: రోలర్ల ఎడం మారుతుందా, కాలిబ్రేషన్ ఉందా, మోటారు విడిగా దొరుకుతుందా.