బీఎస్సీ తర్వాత ఎంబీఏ: వెంటనేనా, ఉద్యోగం చేశాకనా?

బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసినవారికి రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి వెంటనే ఎంబీఏలో చేరడం సులభమైన దారి. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలుండే ఆ పరీక్షకు జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 50 శాతం మార్కులు చాలు, ఉద్యోగానుభవం అవసరం లేదు. చదువు అలవాటు తప్పకముందే రెండేళ్ల కోర్సూ పూర్తవుతుంది. అయితే ప్లేస్‌మెంట్లు బలహీనంగా ఉన్న కళాశాలలో చేరితే, చివరికి దక్కేది డిగ్రీతోనే దొరకగలిగే సేల్స్ ఉద్యోగం కావచ్చు. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం, ఎందుకంటే ఆ ఫీజు చాలా ఇళ్లలో అప్పుగా మారుతుంది.

రెండో దారి ముందు ఉద్యోగం చేయడం. హైదరాబాద్ ఫార్మా కంపెనీ నాణ్యతా పరీక్షల విభాగంలో రెండేళ్లు పనిచేసిన వ్యక్తి, మందుల బ్యాచ్ ఎందుకు తిరస్కరణకు గురవుతుందో, ఆలస్యం వల్ల ఎంత నష్టమో కళ్లారా చూసి ఉంటాడు కనుక, ఎంబీఏలోని ఆపరేషన్స్ (ఉత్పత్తి నిర్వహణ) పాఠం అతనికి అనుభవంగానే అర్థమవుతుంది. పలు ఐఐఎంలు ఎంపికలో అనుభవానికి కొంత వెయిటేజీ ఇస్తాయి. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) ఏడాది కోర్సుకైతే రెండేళ్ల అనుభవం తప్పనిసరి. షిఫ్టుల మధ్య ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌కు చదవడం మాత్రం కష్టమే.

క్యాట్‌లో మంచి పర్సంటైల్ ఇప్పటికే వచ్చినవారు ఆగనక్కరలేదు. మిగిలినవారికి ముందు ఉద్యోగమే మేలని నా అభిప్రాయం.