ఎదిరించిన ఆర్‌సీటీవీ, సర్దుకుపోయిన వెనెవిసియోన్

2002 ఏప్రిల్‌లో వెనిజులా అధ్యక్షుడు హ్యూగో చావెజ్‌ను దాదాపు రెండు రోజులపాటు పదవి నుంచి దించిన కుట్ర సమయంలో ఆ దేశ ప్రైవేటు టీవీ ఛానళ్లు ఆర్‌సీటీవీ, వెనెవిసియోన్ రెండూ ఆయన వ్యతిరేకుల పక్షానే నిలిచాయి. ఆయన తిరిగి రావాలని వీధుల్లోకి వచ్చిన జనాన్ని అవి దాదాపుగా చూపలేదు; ఈ తప్పును ఏ కారణంతోనూ సమర్థించలేము.

ఆ తరువాత వాటి దారులు విడిపోయాయి. 2004 జూన్‌లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సమక్షంలో వెనెవిసియోన్ అధిపతి గుస్తావో సిస్నెరోస్ చావెజ్‌ను కలిశారు. అటుపై ఆ ఛానల్‌లో ప్రభుత్వ విమర్శ క్రమంగా సన్నగిల్లింది. 1953లో మొదలైన ఆర్‌సీటీవీ మాత్రం తన విమర్శ ధోరణిని మార్చుకోలేదు.

2007 మే నెలలో రెండింటి లైసెన్సుల గడువూ ముగిసినప్పుడు వెనెవిసియోన్‌కు మరో ఐదేళ్ల పొడిగింపు లభించగా, ఆర్‌సీటీవీ ప్రసార తరంగాలు ప్రభుత్వ ఛానల్ టీవెస్‌కు వెళ్లాయి, సుప్రీంకోర్టు ఆదేశంతో దాని ప్రసార పరికరాలు కూడా ఆ ఛానల్ వాడుకలోకి వచ్చాయి. కుట్రలో పాత్రే కారణమనుకుంటే, అదే పాత్ర పోషించిన వెనెవిసియోన్‌కు పొడిగింపు ఎలా దక్కిందన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకదు.

కేబుల్‌కు మారిన ఆర్‌సీటీవీని 2010 జనవరిలో అక్కడి నుంచీ తొలగించారు. 2015లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం ఆర్‌సీటీవీ లైసెన్సును 2007లో పొడిగించకపోవడం భావప్రకటనా స్వేచ్ఛకు భంగమని తీర్పు చెప్పి, తరంగాలను తిరిగి ఇవ్వమని ఆదేశించినా అది అమలు కాలేదు. వెనెవిసియోన్ నిలిచింది, కానీ ప్రేక్షకులు ఒక విమర్శ గొంతును దానిలోనూ కోల్పోయారు.